జెండాకి వేసిన అమ్మ ముడి

మార్చి 3

అక్కా,

మేమందరం బాగానే ఉన్నాం. నువ్వూ బావా ఎలా ఉన్నారో రాయలేదు కాబట్టి బాగానే ఉన్నారనుకుంటున్నాను. ఏమన్నా బాగా లేకపోతే ఈపాటికి నాలుగు పేజీలు వచ్చి ఉండేవి.

అసలు సంగతికి వస్తాను. మా రేవు ఆఫీసు ముందు కొత్త జెండా స్తంభం నిలబెడుతున్నారు. కొస చూడాలంటే మెడ పట్టేస్తుంది, అంత పొడుగు. ఏప్రిల్ ఆరున దాని మీద మొదటిసారి పెద్ద జెండా ఎగరేస్తారు. ఎవరు ఎగరేస్తారో చెప్పుకో చూద్దాం. నేను. ఆఫీసు ఊడ్చే నేనే.

వాచ్‌మన్ రిటైరైన దగ్గర్నుంచి పాత స్తంభం మీద రోజూ జెండా ఎక్కించేదీ దించేదీ నేనేనని నీకు తెలుసు. ఈసారి పెద్ద పెద్ద వాళ్ళు వస్తున్నారు కదా, తాడు వాళ్ళలో ఎవరికో ఇస్తారనుకున్నాను. మా ఆఫీసరు ఒప్పుకోలేదు. "రోజూ ఎగరేసే చెయ్యి ఇక్కడే ఉండగా ఇంకో చెయ్యి ఎందుకమ్మా" అన్నాడు. ఆ రోజు సవ్యంగా జరిగిపోతే జెండా పని నాకే పర్మనెంటు చేస్తాడట, చీపురు ఇంకొకరికి ఇస్తాడట. నాకు రాత్రి నిద్ర పట్టలేదు. మీ మరిది గురక వల్ల కాదు, సంతోషం వల్ల.

నువ్వు నమ్మవు గానీ, జెండా లేచేటప్పుడు మా రేవు చూడాలక్కా. మొన్న ఇద్దరు హమాలీలు కొట్టుకుంటున్నారు. ఒకడి చొక్కా కాలరు ఇంకొకడి గుప్పిట్లో ఉంది. నేను తాడు లాగడం చూసి కాలరు వదిలేశాడు. ఇద్దరూ పక్కపక్కన నిలబడ్డారు. నేను తాడు కట్టేసి వెనక్కి తిరిగేసరికి మళ్ళీ పట్టుకుంటాడేమో అనుకున్నాను, పట్టుకోలేదు. ఏదో గొణుక్కుంటూ ఎవడి బస్తా వాడు ఎత్తుకున్నాడు. లారీవాళ్ళు ఇంజన్లు ఆపేస్తారు. మా క్యాషియరు, నా నమస్కారానికి ఏనాడూ తల ఎత్తని మనిషి, కుర్చీలోంచి లేచి నిలబడతాడు. అంతమంది లేచి నిలబడ్డప్పుడు మధ్యలో నేను. నీకు చెప్పకపోతే ఎవరికి చెప్పను.

నీ పొట్టి చెల్లి


మార్చి 10

పొట్టీ,

నీ ఉత్తరం అందింది. బావ చదివి "మీ చెల్లెలు గొప్పదైపోయిందే" అన్నాడు. అన్నం పెడుతున్న గరిటె అక్కడే పెట్టేశాను. మిగతాది ఆయనే వడ్డించుకున్నాడు.

మంచిదే, ఎగరెయ్యి. కానీ ఒక్క మాట రాస్తాను, మూతి ముడుచుకోకు. వాళ్ళు లేచి నిలబడేది జెండాకి, నీకు కాదు.

మీ రేవు ఆఫీసు ఆర్డరు ఎవరికి వచ్చిందనుకున్నావు? మా కార్ఖానాకే వచ్చింది. ఆ కొలత చూడగానే నాకు తెలిసింది. అంత పెద్దది కుట్టగలిగిన చెయ్యి ఇక్కడ నాదొక్కటేనని మా మేస్త్రీయే అంటాడు, జీతం పెంచమన్నప్పుడు తప్ప. ఇప్పుడు నా మిషను మీద ఉన్నది నీ జెండాయే. నేను కుడుతున్నాను, నువ్వు ఎగరేస్తావు. చిన్నప్పుడు కూడా గౌను అంచులు నేను కుడితే, నువ్వు వేసుకుని వీధంతా తిరిగొచ్చేదానివి.

ఇక్కడి సంగతి నీకెప్పుడూ రాయలేదు. పట్టీలు విడివిడిగా ఉన్నంతసేపూ అవి ఉత్త గుడ్డ. వాటి మీద మోచేతులు ఆనిస్తాం, మిషను నూనె అంటితే తుడిచేస్తాం, ముక్కలతో చెమట తుడుచుకుంటాం. ఆఖరి పట్టీ కలిసి నడిమి గుర్తు పడిందా, ఇక ఎవరూ దాన్ని నేల మీద పెట్టరు. ఎవరూ చెప్పక్కర్లేదు. మా కటింగ్ ఆయన నోరు తెరిస్తే బూతే, కుట్టిన జెండాల బీరువా దగ్గర మాత్రం "జరగండమ్మా" అంటాడు. నా చేతుల్లోనే, నా కళ్ళముందే గుడ్డ జెండా అవుతుంది. అయిన మరుక్షణం అది నాది కాదు.

ఇంకో సంగతి తెలుసా? మా కార్ఖానా మీద జెండా స్తంభం లేదు. పెద్ద జెండాలు కుట్టేటప్పుడు గది చాలదు. ఒక కొస మిషను మీద ఉంటే మిగతాది నలుగురు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంటారు. ఇన్నేళ్ళుగా కుడుతున్నాను, నేను కుట్టిన పెద్ద జెండాని ఒక్కసారి కూడా పూర్తిగా విప్పి చూడలేదు. ఎగరడం సంగతి వదిలెయ్యి.

నువ్వు చూస్తావు. ఊడ్చే చీపురు పక్కన పెట్టి మరీ చూస్తావు. నాకు కడుపులో ఎలా ఉందో రాస్తే బాగుండదు, రాయకపోతే అబద్ధమవుతుంది. మండుతోంది.

అక్క


మార్చి 18

అక్కా,

నీ ఉత్తరం చదివి కాసేపు నవ్వాను, కాసేపు ఏడ్చాను, తర్వాత ఒళ్ళు మండింది. మండేది నీకొక్కదానికే అనుకోకు.

అమ్మ మిషను ఎవరి దగ్గర ఉంది? అమ్మ పక్కన కూర్చుని పని నేర్చుకున్నది ఎవరు? నన్ను దగ్గరికి రానిచ్చేది కాదు. "దానికి కుదురు లేదు, సూది వేలికి దించుకుంటుంది" అనేది. నువ్వు కుట్టిన జేబు చూసి అమ్మ కళ్ళకద్దుకుంటే గుమ్మంలో నిలబడి చూసేదాన్ని. నీకు చేతిలో పని ఉంది, ఎక్కడికి పోయినా బతుకుతావు. నాకు చీపురు తప్ప ఏముంది? ఇన్నాళ్ళకి ఒక తాడు దొరికితే దాని మీద కూడా నీ కళ్ళేనా?

సరే, తిట్టడం అయిపోయింది. ఇప్పుడు నీ సాయం కావాలి.

రోజూ ఎక్కించే చిన్న జెండా విప్పి కట్టి లాగేస్తాను. ఇది అలా కాదట. చుట్టగా చుట్టి, నాడాతో కట్టి, ఆ మూటనే పైదాకా ఎక్కించాలట. అక్కడికి చేరాక కింద నుంచి ఒక్క లాగు లాగితే ముడి ఊడి జెండా మొత్తం ఒకేసారి విచ్చుకోవాలట. ఆ ముడి ఏమిటో ఇక్కడ ఎవరికీ తెలియదు. పాత వాచ్‌మన్ ఊళ్ళో లేడు. పడవలవాళ్ళ ముడులన్నీ బిగిసేవే, ఊడేవి కావు.

అమ్మ కుట్టిన బట్టల మూటలకి ఒక ముడి వేసేది, గుర్తుందా? ఎంత దూరం మోసుకెళ్ళినా వదులయ్యేది కాదు. తీరా ఇంటికి వచ్చి ఒక కొస పట్టుకుని లాగితే టక్కున ఊడిపోయేది. ఆ ముడి ఎక్కడ చూసినా గుర్తుపడతాను, వెయ్యడం మాత్రం రాదు. నీకే నేర్పింది. అది ఇక్కడ పనికొస్తుందా? ఎలా వెయ్యాలో, ఏ కొస లాగాలో బొమ్మ గీసి పంపు. ఫోను చేద్దామంటే మళ్ళీ అమ్మ మిషను గొడవకే వస్తాం, నువ్వు అరుస్తావు, నేను పెట్టేస్తాను. కాగితమైతే పక్కన పెట్టుకుని చూసుకుంటూ కట్టొచ్చు. నా పర్మనెంటు నీ చేతిలో ఉంది, ఆలస్యం చెయ్యకు.

నీకింకో కబురు కూడా ఉంది. నేను చెప్పను. మీ మేస్త్రీ చెబుతాడు. విన్నాక కూడా కడుపు మండుతుందో లేదో రాయి.

నీ పొట్టి


మార్చి 29

చెల్లికి,

"మీ మేస్త్రీ చెబుతాడు" అన్నావు. చెప్పాడు. నిన్న పని ఆపించి మరీ చెప్పాడు. మీ ఆఫీసు నుంచి కార్డు వచ్చిందట, ముందు వరసలో కుర్చీ వేస్తారట, కొత్త చొక్కా కుట్టించుకుంటున్నాడట. కాలరు నన్నే పెట్టమన్నాడు. పెట్టాను.

నన్ను పిలవలేదని బాధ లేదు. నేను వస్తే నలుగురూ "ఈవిడెవరు" అంటారు, "మా అక్క, జెండా కుట్టింది" అని చెప్పాల్సి వస్తుంది, వచ్చిన వాళ్ళ చూపు నీ మీద నుంచి కాస్త ఇటు జరుగుతుంది. అర్థం చేసుకోగలను. కానీ మేస్త్రీని పిలిచి, ఆ కబురు నాకు బహుమతిలా చెప్పించడం ఏమిటో మాత్రం అర్థం కాలేదు. అంత కసి ఉందని తెలియదు.

ఇక్కడ ఎండలు మొదలయ్యాయి. బావకి మోకాలి నొప్పి. పక్కింటివాళ్ళు గోడకి రంగు వేయించారు, మనకి నచ్చనిదే వేయించారు. కుళాయి కారుతూనే ఉంది.

జెండా బయల్దేరింది. మూట నేనే కట్టాను.

ఉంటాను.


ఏప్రిల్ 12

అక్కా,

ఈపాటికి మీ మేస్త్రీ వచ్చి తన కథ తను చెప్పే ఉంటాడు. నాది నా నోటితో విను.

పార్సిలు విప్పగానే నాకు కళ్ళనీళ్ళు తిరిగాయి. చుట్టిన జెండా, దాని చుట్టూ నాడా, నాడాకి అమ్మ ముడి. నీ ఉత్తరం ఆ ముందు రోజే వచ్చింది. ముడి సంగతి ఒక్క ముక్క రాయలేదేమా అని చూశాను, చివర్లో "మూట నేనే కట్టాను" అని ఉంది. ఇంకేం కావాలి? కోపంగా ఉంది కాబట్టి బొమ్మ గియ్యకుండా ఏకంగా కట్టే పంపింది అనుకున్నాను. మా అక్క తిడుతూనే పని చేసి పెడుతుందని ఇక్కడ అందరికీ చెప్పాను. ఆఫీసరు ముడి విప్పి చూద్దామన్నాడు. వద్దన్నాను. విప్పితే మళ్ళీ వేసే చెయ్యి ఇక్కడ లేదు. బయటికి వదిలిన కొసని కింది తాడుకి కట్టుకున్నాను.

రేవంతా వచ్చింది. పడవలవాళ్ళు, లారీవాళ్ళు, వాళ్ళ పిల్లలు. మూట ఎక్కించాను. పైదాకా వెళ్ళింది. పాట మొదలైంది. లాగాను.

ఊడలేదు. మళ్ళీ లాగాను, ఇంకా బిగిసింది. అరచేతులు ఒరుసుకుపోయాయి. పాట మధ్యలో దించకూడదు కదా, అలాగే ఉంచాల్సి వచ్చింది. అంతమందీ ఒక గుడ్డ మూటకి చెయ్యి ఎత్తి పాట పూర్తి చేశారు. ఒక్కడూ నవ్వలేదక్కా. నవ్వుతారని ఒళ్ళంతా బిగబట్టుకున్నాను. ఆ రోజు కాలరు పట్టుకున్న హమాలీ ఉన్నాడే, వాడు ముందుకొచ్చి నెమ్మదిగా అన్నాడు, "దించి విప్పమ్మా. మేం నిలబడే ఉంటాంలే."

దించాను. గోళ్ళతో రాలేదు, అందరి ముందూ పంటితో విప్పాను. ఎంతసేపు పట్టిందో తెలియదు, ఎవరూ కూర్చోలేదు. విప్పి కట్టి మళ్ళీ లాగాను.

పూర్తిగా విచ్చుకుందక్కా. నువ్వు చూడలేదన్నావుగా, చెబుతాను విను. మొదట బరువుగా వేలాడింది. తర్వాత సముద్రం వైపు నుంచి గాలి వచ్చి ఒక్కసారి ఎత్తింది. దాని నీడ మా ఆఫీసు కప్పు దాటి, లారీలు దాటి గోడౌను గోడ మీద పడింది. పట్టీలు కలిసే చోట ఒక్క ముడత లేదు. ఎక్కడ కుట్టు ఉందో వెతికినా కనపడలేదు. అమ్మ ఉంటే కళ్ళకద్దుకునేది. అంత అవమానంలో కూడా నాకు నీ మీద అసూయ పుట్టింది, నమ్ముతావా?

తర్వాత మీ మేస్త్రీ ఆఫీసరు గదిలోకొచ్చి, మూట కట్టిన మనిషిదే తప్పు, ఫిర్యాదు రాసిస్తే ఆవిణ్ణి పనిలోంచి తీసేస్తానన్నాడు. ఎవరు కట్టారో అతనికి తెలియదు, కనుక్కుంటానన్నాడు. పార్సిల్లో వచ్చిన ముడి నేనే విప్పి, తెలియక నా ముడి వేశానని చెప్పాను. ఆఫీసరు నా వైపు చూశాడు. వద్దని నేను అన్నది ఆయన విన్నాడు కదా. అయినా ఫిర్యాదేమీ లేదని మేస్త్రీని పంపేశాడు. ఇప్పుడు జెండా గేటు దగ్గరుండే గార్డు ఎగరేస్తున్నాడు. నాకు చీపురు ఉంది.

నీ మీద కోపం లేదు. ఏ కొస లాగాలో నేనే మర్చిపోయి ఉంటాను. ఒక్కటి మాత్రం అడుగుతాను. నిన్ను పిలవలేదని రాశావే, కార్డు చేతికొచ్చాక నీకే తెలుస్తుందిలే అనుకున్నాను, నువ్వెందుకు రాలేదు? జెండా కుట్టిన మా అక్కకి ఒక కుర్చీ కావాలని ఆఫీసర్ని బతిమాలి కార్డు రాయించాను. నీ కుర్చీలో మీ మేస్త్రీ కూర్చున్నాడు. నీకు ఒంట్లో బాగాలేదని చెప్పాడు.

నీ పొట్టి


ఏప్రిల్ 20

పొట్టీ,

నాకు ఒంట్లో బాగానే ఉంది. కార్డు నా కంట పడలేదు. "కుట్టినవారికి" అని రాసి ఉందట, కుట్టింది కార్ఖానా, కార్ఖానా అంటే తను అని మేస్త్రీ అర్థం చేసుకున్నాడు. నిన్న అడిగితే అదే చెప్పాడు. ఆ కొత్త చొక్కానే వేసుకుని చెప్పాడు.

ఆ తప్పు అతనిది. రెండోది నాది.

అమ్మ ముడికి రెండు కొసలు. బయటికి కనిపించేది లాగితే బిగుస్తుంది. లోపల మడతలో దాచినది లాగితే ఊడుతుంది. అమ్మ ఆ కొసని వేలితో బయటికి తీసి లాగేది, నువ్వు గుమ్మం దగ్గర ఉండేదానివి కాబట్టి అది నీకు కనపడేది కాదు. నేను వేసింది జెండా ఎగరెయ్యడానికి కాదు, పార్సిలు దారిలో ఊడకుండా. అన్నిటికీ అదే వేస్తాను. నువ్వు దాన్ని నా జవాబనుకుంటావని కలలో కూడా అనుకోలేదు.

కానీ నువ్వు అడిగింది చదివాను. జవాబు నాకు తెలుసు. "లోపలి కొస బయటికి తీసి తాడుకి కట్టు" అని ఒక్క ముక్క రాస్తే సరిపోయేది. కుళాయి గురించి రాశాను, గోడ రంగు గురించి రాశాను, అది రాయలేదు. నిన్ను అవమానించాలని కాదు. వాళ్ళనీ వీళ్ళనీ అడిగి తంటాలు పడాలి, అక్క లేకపోతే జరగదని తెలియాలి, అంతే. నువ్వు తంటాలు పడలేదు. నన్ను నమ్మావు. ఇన్నేళ్ళలో నువ్వు నన్ను ఎన్నిసార్లు తిట్టావో అన్నీ గుర్తున్నాయి గానీ, ఈ ఒక్కటి మాత్రం మింగుడు పడటం లేదు.

మేస్త్రీ దగ్గరికెళ్ళి ఆ మూట కట్టింది నేనే, ముడి నాదే అన్నాను. పనిలోంచి తియ్యలేదు. అంత పెద్దది కుట్టే చెయ్యి ఇంకోటి లేదని తెలుసుగా. జెండాల గదిలోంచి మాత్రం మార్చాడు. ఇప్పుడు లారీల మీద కప్పే పట్టాలు కుడుతున్నాను. కింద పడినా ఎవరూ పట్టించుకోరు. తొక్కుకుంటూ పోతారు. మొదటి రోజు ఎవరో తొక్కితే చెయ్యి దానంతటదే పైకెత్తబోయింది.

మీ ఆఫీసరుకి విడిగా ఉత్తరం రాశాను. ఉన్నది ఉన్నట్టు రాశాను, బొమ్మ కూడా గీశాను. నీకూ ఒకటి పంపుతున్నాను. బాణం గుర్తు పెట్టిందే లోపలి కొస.

నీడ గోడౌను గోడ మీద పడిందన్నావే, ఆ ముక్క బావ చేత రెండుసార్లు చదివించుకున్నాను. నువ్వు చూశావు, నేను చూడలేదు. ఇంత జరిగాక కూడా మండుతోంది, ఏం చెయ్యను?

అక్క


మే 2

అక్కా,

నీ ఉత్తరం చదివి రెండు రోజులు నీతో మనసులో కూడా మాట్లాడలేదు. మూడో రోజు నీ బొమ్మ చూస్తూ చీపురుకట్టకి ముడి వేశాను. లోపలి కొస లాగాను. టక్కున ఊడింది. మళ్ళీ వేశాను. మీ మరిది "ఊడవడం ఎప్పుడు" అని అడిగేదాకా అదే పని.

ఆఫీసరు పిలిచాడు. నీ ఉత్తరం టేబుల్ మీద ఉంది. పర్మనెంటు సంగతి ఇప్పుడే చెప్పలేనన్నాడు. వచ్చే సోమవారం పెద్ద జెండా ఉతికి మళ్ళీ ఎక్కిస్తారు, అది మూట కట్టి ఎక్కించమ్మా, ఊడితే తాడు నీదే అన్నాడు. తర్వాత "మీ అక్కని రమ్మను" అన్నాడు. ఈసారి కార్డు మీ కార్ఖానాకి పంపలేదు, ఈ కవరులోనే పెట్టాను.

నువ్వు రావాలి. ముడి నేనే వేస్తాను, నువ్వు చెయ్యి పెట్టకూడదు. కింద నిలబడి చూడు చాలు. మొదట బరువుగా వేలాడుతుంది, కంగారు పడకు. గాలి వస్తుంది.

కానీ ఒక్క సంగతి ముందే రాస్తున్నాను, తర్వాత అనుకోకూడదు. ఇక్కడ ఎవర్ని చూసినా "మీ అక్క ఎప్పుడొస్తుంది, ఆ కుట్టు కుట్టింది ఆవిడేనా" అని అడుగుతున్నారు. క్యాషియరు కూడా తల ఎత్తి అడిగాడు. నన్ను బాగున్నావా అని అడిగేవాడు లేడు. నాకు ఒళ్ళు మండిపోతోంది. సోమవారం నువ్వు వచ్చి ముందు వరసలో నిలబడ్డప్పుడు చుట్టూ అందరూ లేచి నిలబడతారు. పొంగిపోకు. వాళ్ళు లేచి నిలబడేది జెండాకి, నీకు కాదు.

నీ పొట్టి